ఉగ్గుగిన్నె, లేతు మిషన్

మొన్న మనవడి మాడకు అంటుదామని గరిటెలో ఆముదం వెచ్చబెడుతుంటే ఒక చుక్క జారి కాలిన పెనం మీద పడింది. సుయ్‌మని పొగ లేచింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని కిటికీ తెరవడానికి ఉరికింది గానీ, నేను గరిటె ఎడమచేత పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. ఆ పొగలో నాకు మా ఎద్దుల కొట్టం కనబడింది. అందులో వంగి నిలబడ్డ నాయిన వీపు, తడిసిన అంగీ, మెల్లగా తిరుగుతున్న తెల్లటి స్టీలు రాడ్, దాని మీద ఆముదం చుక్క పడీ పడగానే కమిలి లేచే ఇదే పొగ, ఇదే వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే వెనక్కి వచ్చి నడుముకు అంటుకుపోయింది.

మా ఊరు పాశమైలారం పక్కనే. నాకు బుద్ధి తెలిసేనాటికి మా జొన్నచేలల్లో సగం ఫ్యాక్టరీల గోడల లోపలికి పోయింది, మిగిలిన సగంలో కందులు, ఆముదాలు వేసేవాళ్ళం. నాయిన మొదట్లో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు ఎత్తి గుమ్మరించే పనికి పోయేవాడు. షిఫ్టు దిగి వచ్చి అంగీ విప్పి దండెం మీద వేస్తే ఆ ఘాటుకు దండెం కింద పండుకున్న పిల్లి కూడా లేచి పోయేది. ఒక వానాకాలం అక్కడేదో పైపు పగిలి, ఆ ఆవిరి పీల్చినప్పటి నుంచి నాయినకు దగ్గు పట్టుకుంది. పండుకుంటే దగ్గు, లేస్తే దగ్గు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే దగ్గు. రాత్రిళ్ళు ఆ దగ్గు ఆగితే అమ్మ నిద్రలేచేది, ఆగిందేమిటా అని వీపు మీద చెయ్యి పెట్టి చూసేది.

ఆ ఫ్యాక్టరీలోనే మిషన్లు బాగుచేసే గదిలో ఒక ముసలి మిస్త్రీ దగ్గర నాయిన తీరిక దొరికినప్పుడల్లా, ఇనుప కడ్డీని తిప్పుతూ కోసి మరలు చెక్కే లేతు పని నేర్చుకున్నాడు. మా ఎడ్లు రెండూ పోయాక, ఖాళీగా ఉన్న కొట్టంలో, అవి నిలబడ్డ చోటనే, ఎక్కడో మూతబడ్డ వర్క్‌షాపు నుంచి ఒక పాత లేతు మిషన్ తెచ్చి దించాడు. ఎడ్ల గాటి కట్టెకు స్విచ్చు బోర్డు బిగించాడు. కుడితి గోలేన్ని మిషన్ కిందికి జరిపాడు, పైనుంచి కారే నూనెనీళ్ళు పట్టడానికి. నాయనమ్మకు ఇది నచ్చలేదు. తాత కొనితెచ్చిన ఎడ్లు నిలబడ్డ జాగాలో ఇనుము నిలబెడితే ఆమె మనసు ఒప్పలేదు, ఆ కొట్టం గడప తొక్కనని అన్నది, తొక్కలేదు కూడా. ఎండపూట గడప బయట కూర్చొని చింతపండు పిక్కలు తీసుకుంటూ మిషన్ వైపు వీపు పెట్టేది. "ఎడ్లకు పచ్చిగడ్డేస్తే పేడన్న వెట్టేటియి. ఇదేం వెడ్తది, ఇనుప పొట్టు" అని గొణిగేది.

అమ్మ లెక్క వేరు. మిషన్ తిరిగితే నాయిన ఇంటి పట్టున ఉంటాడు, తిరగకపోతే మళ్ళీ ఆ డ్రమ్ముల దగ్గరికి పోతాడు. అమ్మకు ఆ మిషన్ గురించి తెలిసిన మొదటి సంగతి అదే, చివరి సంగతి అదే. అందుకని ఇంటి పని ముగించుకొని, నాయిన పక్కన నిలబడి నూనె పోసే పని తాను తీసుకుంది.

నూనె పోయకపోతే ఇనుము ఇనుమును కోయదు. రెండూ రాసుకొని, కాలి, కోసే ఉలి మొన మొద్దుబారి, పని గరుకై చెడిపోతుంది. పెద్ద కార్ఖానాల్లో నూనె పోయడానికి మిషన్‌కే పంపు ఉంటుంది. మా కొట్టంలో ఏముంటుంది? ఇంట్లో ఉన్నవే ఉంటాయి. నాయిన ఈతమట్ట మొదలును సుత్తితో నలగ్గొట్టి, పండగకు గోడలకు సున్నం వేసే కుంచెలాంటిదే చిన్నది చేశాడు, దాన్ని నూనెలో ముంచి రాసేవాళ్ళు. కొబ్బరినూనె డబ్బా మూతకు మేకుతో చిల్లి పొడిచి, వేళ్ళతో నొక్కితే సన్నటి ధార వచ్చేట్టు ఇంకొకటి. ఊరి డాక్టరు పారేసిన గ్లూకోజ్ సీసా, దాని పైపుతో సహా తెచ్చి, కొట్టం దూలానికి వేలాడదీసి, నీళ్ళలో కలిపితే పాలలా తెల్లబడే నూనె అందులో పోసి, పైపుకున్న చిన్న చక్రం తిప్పి చుక్కచుక్కగా వదలడం మరొకటి. చూసినవాళ్ళు మిషన్‌కు జరమొచ్చి గ్లూకోజ్ ఎక్కించుకుంటున్నదని నవ్వేవాళ్ళు. ఆ తెల్లనీళ్ళు గోలెంలోకి కారితే, మా బర్రెదూడ ఒకనాడు కుడితి అనుకొని మూతి పెట్టి, తుమ్ముకుంటూ ఊరంతా తిరిగింది.

కానీ స్టీలుకు ఈ తెల్లనీళ్ళు పనిచెయ్యవు. స్టీలు మొండిది, దానికి చిక్కటి ఆముదమే కావాలని నాయినకు ఆ ముసలి మిస్త్రీ చెప్పాడు. మా ఇంట్లో ఆముదానికి కరువా? చలికాలం వచ్చిందంటే నాయనమ్మ ఆముదాలు మంగలంలో వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడకబెట్టేది. వాకిలంతా ఒకరకమైన బరువు వాసన, పైన బంగారంలా తేలిన నూనెను ఆమె గంటెతో మెల్లగా తేర్చి సీసాల్లోకి ఎత్తేది. బాలింతకు, పసిపిల్లల మాడకు, దేవుని దీపానికి అని దాచిన ఆ సీసాలు కొట్టంలోకి పోతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

ఆముదం చిక్కన కదా, గ్లూకోజ్ పైపులో దిగదు. దానికి ఉపాయం అమ్మ కనిపెట్టింది. డబ్బా మూతలో ఆముదం పోసి, దీపానికి వేసినట్టే దూదివత్తి చేసి ఒక కొస అందులో ముంచి, రెండో కొసను పెన్ను గొట్టంలోంచి దూర్చి, సరిగ్గా మొన మీదికి వచ్చేట్టు పెట్టేది. వత్తి నూనెను తాగి తాగి కొసన ఒక్కో చుక్కగా వదిలేది. నాయిన ఆ మూతకు తీగతో ఒక కొక్కెం చేసి, మొన బిగించే చోటనే తగిలించాడు, మొన ఎటుపోతే మూత అటు పోయేట్టు. ఇవన్నీ ఉన్నా నాయిన ఒక మాట మాత్రం రోజూ అనేవాడు.

"గుడ్డ, కొంగు, గాజులు. మిషన్ తిరిగేటప్పుడు ఇవి దగ్గరికి రావొద్దు. దానికి కండ్లు లేవు."

గుడ్డ దూరంగా పెట్టేది అమ్మ, కొంగు బొడ్లో దోపేది. గాజులు తీద్దామంటే మాత్రం నాయనమ్మ బయటి నుంచే కసిరేది. "ముత్తైదువ చేతులు బోసిగ వెడ్తరానే? నీ మొగడు సల్లగుండాల్నా వద్దా?" అమ్మ గాజులను మోచేతి దాకా ఎక్కదోసి, పైన గుడ్డపేలిక బిగించి కట్టుకొని పనికి నిలబడేది.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే, వాకిట్లో తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు పోసుకొని నేను తాంబాళంలో వరసలు పేరుస్తుంటే, ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఫ్యాక్టరీలో మిషన్ల బాగోగులు చూసే ఆయన దిగాడు. మా ఇంట్లో అందరం ఆయనను కంపెనీ సారు అనేవాళ్ళం. అంతకుముందు ఒకటి రెండు చిన్న పనులు ఇచ్చి చూసుకున్నాడు. ఈసారి గోనెసంచిలో చుట్టి, మనిషంత పొడుగు స్టీలు రాడ్ తెచ్చాడు. ఫ్యాక్టరీలో మందు కలిపే పెద్ద గంగాళం ఉంటుందట, దాని నడుమ తిరిగే రాడ్ విరిగిపోయిందట.

"మిస్త్రీ, ప్లాంటు బంద్ వడ్డది. బయటి దుకాన్లన్నీ పండగని మూసిండ్రు. దీని కొసకు నట్టు ఎక్కేటట్టు మర కోసియ్యాలె. రాడ్ గిదొక్కటే ఉన్నది, సూడు. ఇంకోటి లేదు."

నాయిన రాడ్ మీద చెయ్యి వేసి దగ్గాడు. అది మంచిగా అయితే ఆ గేటు మాకు తెరుచుకున్నట్టే. చెడితే ఇక ఈ చుట్టుపక్కల ఏ గేటూ తెరుచుకోదు. మిషన్ వచ్చినప్పటి నుంచి పనులు సరిగ్గా లేక, దసరా దాటితే మళ్ళీ డ్రమ్ముల పనికి పోతానని నాయిన అప్పటికే అని ఉన్నాడు. అమ్మ ఆ రాడ్‌ను చూసింది, నాయినను చూసింది, తలంటుకున్న జుట్టు ముడి వేసుకొని లోపలికి పోయింది.

అక్కడే వచ్చింది చిక్కు. ముందురోజే గాజులాయన వచ్చి అమ్మ చేతులకు పచ్చగాజులు నిండుగా, బిగుతుగా తొడిగి పోయాడు. అవి పైకి జరగవు. పండగపూట తీయడం మాట ఎత్తే ధైర్యం అమ్మకు లేదు. పైగా రాడ్ పెద్దది, నూనె ఎక్కువ కావాలి. డబ్బా మూత చాలదని, అప్పుడే తోమి కుంకుమబొట్టు పెట్టిన దేవుని ఇత్తడి ప్రమిద తెచ్చింది. అది కొక్కెంలో సరిగ్గా కుదురుకోలేదు గానీ నిలబడింది. పండగ దీపానికని పొడుగ్గా, లావుగా చేసుకున్న వత్తినే అందులో వేసింది. ఆ లావు వత్తి పెన్ను గొట్టంలో దూరలేదు. గొట్టం లేకుండానే కొస వదిలేసింది. తొందర. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, కోస్తుండగా పోతే మొన అందులోనే ఇరుక్కుంటుంది.

నాయిన రాడ్‌ను మిషన్ పిడికిలిలో బిగించాడు. పిడికిలి అంటే రాడ్‌ను నాలుగు ఇనుప పండ్లతో కరిచిపట్టి తనతోపాటు తిప్పే లావుపాటి ఇనుప బిళ్ళ, దాన్ని చక్కు అంటారు. మరను ఒక్కసారే కోయరు. మొదట గోటితో గీసినంత గీత, మళ్ళీ మొదటికి వచ్చి అదే గీతలో కొంచెం లోతు, మళ్ళీ కొంచెం. ప్రతిసారీ మొన చక్కు దగ్గరిదాకా పోతుంది, పండ్లు దానికి తగలబోయే ముందు నాయిన ఒక చేత్తో మొనను వెనక్కి లాగి, ఇంకో చేత్తో మిషన్‌ను వెనక్కి తిప్పాలి. రెండు చేతులూ, రెండు కళ్ళూ దానికే సరి. నూనె చూసుకునేది అమ్మే.

గీత లోతు పడేకొద్దీ పొగ ఎక్కువైంది. స్టీలు కీచుమంటున్నది. కంపెనీ సారు గడియారం చూసుకుంటున్నాడు, నోట్లో వక్కపొడి నమలడం మరిచిపోయాడు. నేను పూలు వదిలేసి కొట్టం తలుపు దగ్గరికి వచ్చాను. నాయిన దగ్గును గొంతులోనే మింగుతున్నాడు, దగ్గితే చెయ్యి కదులుతుంది. ప్రతిసారీ మొన చక్కు దాకా పోతుంటే మేమందరం ఊపిరి బిగపట్టడం, నాయిన లాగగానే వదలడం. వాకిట్లో ఆడవాళ్ళ మాటలు, నవ్వులు, పూలు తెచ్చుకునే పిల్లల కేకలు, అవన్నీ వేరే ఊర్లో వినబడుతున్నట్టు ఉన్నాయి.

సగం పైనే లోతు పడింది. అప్పుడు వత్తి కొస, నూనె తాగి బరువెక్కి, కిందికి వాలింది. తిరిగే రాడ్‌కు అంటుకుంది. కళ్ళ ముందే అది గీతలో పడి రాడ్‌కు చుట్టుకోవడం మొదలుపెట్టింది, దాని వెంట ప్రమిద కొక్కెంలోంచి లేచి పక్కకు ఒరిగింది.

ప్రమిద కిందపడుతుంటే ఏ ఇంటి ఆడది చూస్తూ నిలబడుతుంది? పుట్టినప్పటి నుంచి చేతులకు నేర్పిన పని అది. దీపం ఒరిగితే ముందు చెయ్యి పోతుంది, తర్వాతే ఆలోచన. అమ్మ చెయ్యి పోయింది.

చక్కు పండ్లకు గాజులు తగిలాయి.

ఆ చప్పుడు నేను చెప్పలేను. నాయిన "చెయ్యీ!" అని అరుస్తూ గాటి కట్టె మీది స్విచ్చును పిడికిలితో కొట్టాడు. మిషన్ తన ఊపు చాలించుకొని మెల్లగా ఆగింది. ప్రమిద గోలెంలో బుడుంగుమని మునిగింది. అమ్మ చెయ్యి ఛాతీకి హత్తుకొని గోడకు ఒరిగి ఉంది, కొత్తచీర మీద ఎర్రగా మరక పాకుతున్నది. నేల మీద ఆముదంలో పచ్చగాజు ముక్కలు మెరుస్తున్నాయి.

"ఏందిరా? ఏమైందిరా?"

నాయనమ్మ గొంతు. గడప బయట కాదు, లోపల. ఎప్పుడు గడప దాటిందో దాటింది. నేల మీది గాజు ముక్కలను చూసింది. పండగపూట, మొగడి ముందట, ముత్తైదువ గాజులు పగలడం. ఇక ఏమంటుందోనని అమ్మ ముఖం పాలిపోయింది.

"గాజులేనత్తమ్మా" అన్నది అమ్మ, తప్పు చేసిన పిల్లలా. "గాజులే పోయినయి."

నాయనమ్మ ఆ మాట వినిపించుకోలేదు. అమ్మ చెయ్యి గుంజుకొని, ఒక్కో వేలూ పట్టుకొని వంచి చూసింది. "గిది ఆడుతున్నదా? గిది? ముడువు. ఇంకింత ముడువు." అన్నీ ఆడాయి. మణికట్టు చుట్టూ చర్మం చీరుకుపోయింది, అంతే. గాజు కాబట్టి పగిలింది. వెండి కడియమో ఇత్తడి కంకణమో అయి ఉంటే పగలకుండా చేతిని కూడా తిప్పుకొనిపోయేది. నాయనమ్మ పసుపు అద్ది, తన చీరకొంగు చింపి కట్టు కట్టింది. అప్పుడన్నది.

"చెయ్యి మిగిలింది గద. గాజులకేం, మల్లొస్తయ్."

నాయిన మిషన్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. "నాతోటి గాదు సార్. తీస్కపోండ్రి."

"తీస్కపోయి ఏం జేయాలె మిస్త్రీ? సగం కోసిన మర. దాన్ని ఇంకెవడు ముడతడు?" అన్నాడు కంపెనీ సారు. అతని గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

అమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. "నువ్వు గిప్పుడు ఆపితే రేపటి సంది మల్ల ఆ డ్రమ్ముల కాడికే పోతవ్. నాకు ఇంకో చెయ్యి ఉన్నది. నీకు ఇంకో పానం ఉన్నదా?"

"నీ చెయ్యి మల్ల దాని కాడికి రానియ్య" అన్నాడు నాయిన. అమ్మ ఎడమ చేతికి ఇంకా పచ్చగాజులు నిండుగా ఉన్నాయి. ఆ గాజులను అందరం చూశాం.

నాయనమ్మ లేచి ఇంట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఉగ్గుగిన్నె ఉంది. చిన్న ముక్కు ఉన్న ఇత్తడి గిన్నె, నాయినకు, నాకు, ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ ఉగ్గూ ఆముదమూ తాగించింది దాంతోనే. అందులో అంచుదాకా ఆముదం ఉంది.

"జరుగు."

"అమ్మా, నువ్వొద్దే..."

"నా చేతులకు గాజులున్నయా?" తన రెండు చేతులూ ముందుకు చాపింది. తాత పోయిన నాటి నుంచీ బోసిగా ఉన్న, ఎండిన, నరాలు తేలిన చేతులు. "కొంగు సగం నీ పెండ్లాం చేతికే కట్టిన. ఇంక నన్నేం వట్టుకుంటది నీ మిషను? లే. నడుపు."

నాయిన లేచాడు. రాడ్‌కు చుట్టుకున్న దూదిని పోగుపోగుగా ఏరి తీశాడు, ఈత కుంచెతో గీతను తుడిచాడు. మొనను మళ్ళీ అదే గీతలోకి దించడం ఆ పనిలో అన్నిటికంటే కష్టం. వెంట్రుకంత అటూ ఇటూ అయినా పాత గీత చెడి రాడ్ పాడవుతుంది. మిషన్‌ను చేత్తోనే తిప్పుతూ, కన్ను రాడ్‌కు ఆనించి, దించి, ఎత్తి, మళ్ళీ దించాడు. అప్పుడు స్విచ్చు వేశాడు.

నాయనమ్మ మిషన్ ఎదుట కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, గిన్నెను ఎత్తుగా పట్టి, ముక్కులోంచి దారమంత సన్నటి ధార వదిలింది. పిల్ల గుక్క పట్టకుండా, పొలమారకుండా పోసిన చెయ్యి అది. మొన ఎటు కదిలితే ధార అటు కదిలింది. పొగ తగ్గింది. స్టీలు కీచురవం మెల్లగా సన్నగిల్లి, చీర చింపినట్టు మెత్తటి చప్పుడు మొదలైంది. మొన చక్కు దగ్గరికి పోయిన ప్రతిసారీ ఆమె ధార ఆపి, గిన్నెను తన రొమ్ముకు ఆనించుకునేది. నాయిన మిషన్‌ను మళ్ళీ మొదటికి తెస్తే, మళ్ళీ ఎత్తేది.

"నీకంటె నయమేరా వీడు" అన్నది మధ్యలో, మిషన్ వైపు గడ్డం ఆడించి. "పోసింది పోసినట్టు మింగుతున్నడు. నువ్వు నా మొకం మీద ఉమ్మేటోనివి."

అంత భయంలోనూ అమ్మ నవ్వింది. నాయిన నవ్వలేదు గానీ ఈసారి మొనను తడబడకుండా వెనక్కి లాగాడు.

మర లోతంతా పడ్డాక, కంపెనీ సారు రాడ్‌తోపాటు తెచ్చిన పెద్ద నట్టును నాయిన రాడ్ కొసకు పెట్టి వేలితో తిప్పాడు. అది ఎక్కడా పట్టకుండా, నూనెలో ఈదినట్టు లోపలిదాకా పోయింది. సారు తాను కూడా ఒకసారి తిప్పి చూసి, నోట్లో వక్కపొడి అప్పుడు నమిలాడు. "పండగ ఎల్లినంక గేటు కాడికి రా మిస్త్రీ. ఇంక ఉన్నయ్ పనులు." రాడ్‌ను ఆటోలోకి ఎక్కించేలోపే కరెంటు పోయింది.

ఆ సాయంత్రం అమ్మ బతుకమ్మ దగ్గరికి పోనన్నది. నాయనమ్మ ఊరుకోలేదు. ఎడమ చేతి గాజుల్లో సగం సబ్బునీళ్ళతో మెల్లగా తీసి, కట్టు అంచుదాకా కుడిచేతికి ఎక్కించి, నా నెత్తిన బతుకమ్మను పెట్టి ఇద్దరినీ తోలింది. నాయిన మళ్ళీ ఎప్పుడూ డ్రమ్ముల పనికి పోలేదు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, అన్నం తినేటప్పుడు రావడం మానింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది, ఎవరూ పెట్టకుండానే. స్టీలు పని వచ్చిందంటే అమ్మ గాజులు తీసేది. నాయనమ్మ కసిరేది కాదు. గాజులు కింద పెట్టొద్దని, ఎక్కడైనా పెడితే పగులుతాయని చెప్పి, వాటిని తన చేతులకు వేసుకొని కొట్టం గడప మీద, మిషన్ వైపు ముఖం పెట్టి కూర్చునేది. చిక్కిన చేతులు కదా, ఇట్టే ఎక్కేవి. ఉగ్గుగిన్నె అప్పటికి అమ్మ చేతికి వచ్చింది. లోపల అమ్మ బోసి చేతులతో ఆముదం ధార వదులుతుంటే, గడప మీద నాయనమ్మ ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు చెయ్యి కొంచెం ఊపి, ఆ గాజుల చప్పుడు వినేది. మిషన్ ఆగగానే తీసి అమ్మకు ఇచ్చేసేది.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, దాని మీదుగా పెద్ద లారీలు తిరిగే రోడ్డు పోయింది. ఆముదపు చేలు లేవు, సున్నం కుంచెకు నలగ్గొట్టడానికి ఈతమట్ట కావాలంటే ఎక్కడ వెతకాలో నాకు తెలియదు. మా పెద్దోడు పనిచేసే షెడ్డులో మిషన్లు అద్దాల తలుపుల వెనక తిరుగుతాయట, నూనె దానంతటదే కురుస్తుందట, మనిషి చెయ్యి లోపలికి పోవాలన్నా పోదట. మంచిదే. అమ్మ లేదు, నాయిన లేడు, నాయనమ్మ ఏనాడో పోయింది.

ఉగ్గుగిన్నె ఉంది. మొన్న పెనం మీది పొగ చల్లారాక, గరిటెలో మిగిలిన ఆముదం అందులోకి వంచి, మనవడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. పోసే ముందు నా గాజులు తీసి, పక్కన కూర్చున్న కోడలి వైపు చాపాను. ఆమె వాటిని పక్కన బల్ల మీద పెట్టబోయింది.

"కింద పెట్టకు బిడ్డా" అన్నాను. "నీ చేతికి వేసుకో."